పుట్టుక నుంచి నేర నిర్ధారణకు: కావలి సెటిల్‌మెంటు, నేరస్థ జాతుల చట్టం రద్దు

నెల్లూరు తీరప్రాంతంలోని కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలను నిర్బంధించడానికి ఆధారం 1911 నాటి నేరస్థ జాతుల చట్టం. అందులో ఉంచడానికి ఏ నేరమూ రుజువు కానక్కరలేదు. ప్రకటిత జాతికి చెందినవారైతే చాలు.

ఈ చట్టపు తొలిరూపం 1871 నాటిది. అప్పటి గవర్నర్ జనరల్ మండలిలో న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మరుసటి ఏడు వచ్చిన సాక్ష్య చట్టాన్ని రచించినవాడు కూడా ఆయనే. కనుక ఈ చట్టాన్ని న్యాయనిపుణుల సలహా కొరవడి వచ్చినదిగా భావించే వీలు లేదు.

శిక్షల విషయంలో వివక్ష మరింత స్పష్టం. 1924 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, షెడ్యూలులోని నేరాలకు ప్రకటిత జాతి వ్యక్తికి రెండవసారి శిక్ష పడితే అది కనీసం 7 ఏళ్ల ఖైదు. మూడవసారి యావజ్జీవ ద్వీపాంతరవాసం. ప్రత్యేక కారణాలుంటే తప్ప న్యాయమూర్తికి వెసులుబాటు లేదు. ఇతరుల విషయంలో శిక్షాస్మృతి 75వ సెక్షన్ గరిష్ఠ శిక్షను పెంచిందే గాని కనిష్ఠాన్ని నిర్దేశించలేదు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. 1949లో కేంద్రం నియమించిన విచారణ సంఘానికి తిరుపతి ప్రాంతపు న్యాయవాది మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించారు. చట్టాన్ని రద్దుచేసి, పుట్టుకతో నిమిత్తం లేకుండా అలవాటు నేరస్థులకు వర్తించే శాసనం తేవాలని సంఘం సూచించింది. 1952 ఆగస్టు 31న రద్దు అమలైంది.

సూచనలోని రెండవ భాగమే చిక్కు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో అలవాటు నేరస్థుల చట్టం చేసింది. కులం స్థానంలో పూర్వ శిక్షలు వచ్చాయి గాని, పేర్ల నమోదు, కదలికలపై ఆంక్షలు మిగిలాయి. జైలు నియమావళులలో ఈ ముద్ర విముక్త జాతులపై పడుతున్న తీరును 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిశీలించి, శాసన నిర్వచనానికి వెలుపల ఆ పదాన్ని వాడటం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.