మోచేతి లోతు వెలుతురు

నలభై ఏళ్ళుగా చెరువు గట్ల మీద తిరుగుతున్నవాణ్ణి. ఇల్లు పెంటపాడులో, చెరువులు ఆకివీడు అవతల కొల్లేటి పల్లంలో. పెంచేది శీలావతి, బొచ్చె. పొద్దున్నే గట్టెక్కగానే మోచేతి దాకా నీళ్ళలోకి చెయ్యి దించి అరచేతికేసి చూస్తాను. మసగ్గా కనిపించిందా, నీరు బావున్నట్టు. మరీ తేటగా కనిపిస్తే నీళ్ళలో ప్లాంక్టన్ లేదు, అంటే చేపకి మేత లేదు. మణికట్టు మునగగానే అరచెయ్యి మాయమైపోతే ప్లాంక్టన్ ముదిరిపోయింది. పగలంతా ప్రాణవాయువు ఇచ్చిన ఆ పచ్చదనమే రాత్రికి దాన్ని పీల్చేసుకుంటుంది, తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. చదువుకున్నవాళ్ళు ఇదే పనిని సెక్కీ డిస్కుతో చేస్తారు. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు ఓడ మీంచి సముద్రంలోకి దించి చూసిన పళ్ళెం అది. ఆయన చూసింది కూడా వెలుతురు ఎంత లోతుకి దిగుతుందనే.

పోయినేడు డాలస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు నాకు అక్కరకొచ్చిన చదువు ఇదొక్కటే.

అల్లుడుగారికి అక్వేరియం పిచ్చి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న అద్దాల తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద బతికున్న పగడాలు, రెండు క్లౌన్ చేపలు. పగడాల్లో కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. "లైటు చాలట్లేదేమో మావయ్యగారూ, ఇంకోటి కొంటాను" అన్నారు. నాకేమో ఆ నీలం వెలుగు చూస్తేనే కళ్ళు జిగేలుమంటున్నాయి.

పగడం మొక్క కాదు, రాయి కాదు, జీవి. ఏమాటకామాటే, అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది నాకీ సంగతి. దాని కండలో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. అది ఎండలో వంట వండి, ఎక్కువ భాగం ఇంటాయనకే పెడుతుంది. అంటే లైటు అక్కడ అలంకారం కాదు, మా తవుడు సంచీ లాంటిది. తక్కువైతే పస్తు. ఎక్కువైతే ఆ నాచు విషం కక్కుతుంది, పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. రంగు చాలావరకు నాచుదే కాబట్టి అది పోతే పగడం తెల్లగా తేలుతుంది.

"ఆకలో అజీర్తో కొలిస్తేగానీ తెలీదండి" అన్నాను. కొలిచే మీటరు అక్కడ అద్దెకి దొరుకుతుందట. పార్ మీటరు అంటారు. నాచు తినగలిగే వెలుతురు ఎంత పడుతోందో చెబుతుంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఆరుబయట సుమారు 2,000 చూపిస్తుంది. మెత్తటి పగడాలకి 50 నుంచి 150 చాలు, కొమ్మల్లా పెరిగే గట్టి పగడాలకి 200 నుంచి 350 కావాలి. మా తొట్టిలో పై రాయి మీద 420 వచ్చింది, మూల ఇసకలో 60. పుట్టగొడుగుల్లాంటి మెత్తటి పగడాల్ని అందంగా ఉంటాయని పై రాయి మీదే కూర్చోబెట్టారు! పైగా రోజుకి పద్నాలుగు గంటల వెలుగు. పస్తు కాదు, అజీర్తి.

వాటిని కిందకి దించాం. లైటుని సగానికి తగ్గించి, తొమ్మిది గంటలకి పరిమితం చేశాం. ఆపైన వారానికి కాస్త చొప్పున పెంచుకుంటూ పోవడమే. కొత్తగా తెచ్చిన పగడానికైనా ఇదే పద్ధతి.

అట్టపెట్టె మీద వాట్లు చూసి లైటు కొంటే ఇలాగే అవుతుంది. వాట్లు కరెంటు బిల్లు సంగతి చెబుతాయి, అడుగున ఎంత పడుతుందో చెప్పవు. ఒక్క ఎల్‌ఈడీ మహా అయితే రెండడుగుల చదరానికి సరిపోతుంది. నాలుగడుగుల తొట్టికి బలమైనది ఒకటి కన్నా ఓ మోస్తరువి రెండు మేలు, మూలల్లో చీకటి మిగలదు. ఫోనులోని లక్స్ యాప్‌నీ నమ్మకూడదు. లక్స్ మన కంటికి తగ్గ కొలత, మన కన్ను ఆకుపచ్చకి లొంగినంతగా నీలానికి లొంగదు. నాచుకి ఇష్టమైంది ఆ నీలమే. సముద్రపు నీరు ఎరుపుని పైపైనే మింగేసి నీలాన్ని లోతుకి పంపుతుంది, పగడం ఆ వెలుగుకే అలవాటు పడింది. అందుకే ఆ లైట్ల మీద 10,000, 20,000 కెల్విన్లని రాసుంటుంది. మన మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటుంది.

ఇది చదివి తాడేపల్లిగూడెంలో ఎవరూ దుకాణానికి పరిగెత్తకండి. గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, సముద్రపు విసనకర్రలతో సహా 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అది. ఉప్పునీటి చేపలు మాత్రం చాలనుకుంటే మామూలు చిన్న లైటు సరిపోతుంది. పైగా రోహిణి కార్తెలో మా ఇంటి తొట్టిలో పగడం ఉంటే లైటుతో పనిలేకుండానే ఉడికిపోతుంది, దానికి నీళ్ళ వేడి 30 డిగ్రీలు దాటితేనే కష్టం. మన ఒడ్డున పగడపు దిబ్బలు కట్టకపోవడంలోనూ వెలుతురు పాత్ర ఉంది. గోదావరి, కృష్ణ తెచ్చి కుమ్మరించే ఒండ్రులో అరచెయ్యే కనపడదు, పగడానికి ఎండెక్కడిది?

మా ఆవిడ మంగళసూత్రంలోని పగడాల సంగతి అడిగారు అల్లుడుగారు. అవి మధ్యధరా సముద్రంలో చీకటి గుహల్లో పెరిగే ఎర్ర పగడం జాతివట. వాటిలో నాచు ఉండదు, వెలుతురూ అక్కర్లేదు. ఆవిడకి చెబితే, "ఒక్క పగడమైనా కరెంటు అడగనిది దొరికింది" అంది.

మొన్న తెల్లవారుజామున ఐదున్నరకి గట్టు మీద ఉండగా వీడియో కాల్ వచ్చింది. వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఏడు. తెల్లబడిన పగడాల్లో రెండింటికి గోధుమరంగు తిరిగొచ్చింది, ఒకటి పోయింది. తొట్టి చూపించడం అయ్యాక, "మీ నీళ్ళెలా ఉన్నాయి మావయ్యగారూ?" అని అడిగారు.

చెయ్యి దించి చూశాను. మణికట్టు దగ్గరే అరచెయ్యి మాయమైంది. "మళ్ళీ చేస్తానండి, ఏరియేటర్లు వేయించాలి" అని ఫోను జేబులో పడేశాను.