ఫోర్ బై ఫోర్: మోజెంత? ముట్టేదెంత?

మారుతీ జిమ్నీ 2023 జూన్‌లో అయిదు తలుపులతో దిగినప్పుడు మహీంద్రా థార్‌కు దీటైన పోటీ వచ్చిందని అంతా అనుకున్నారు. ఎక్స్‌షోరూమ్ ధర 12.74 లక్షల దగ్గర మొదలైంది. ఆర్నెల్లకే, డిసెంబరులో, ‘థండర్ ఎడిషన్’ అంటూ 10.74 లక్షలకే ఇచ్చేశారు. జూన్‌లో కొన్నవాళ్ల గుండె గుభేలుమంది. షోరూమ్‌లో 2 లక్షలు తగ్గితే అప్పటికే రోడ్డెక్కిన జిమ్నీల విలువ కూడా పడిపోక తప్పదు. సెకండ్‌హ్యాండ్ బేరానికి వచ్చినవాడు ముందుగా అడిగేది ‘కొత్తది ఎంతకిస్తున్నారు?’ అనే కదా!

థార్ యజమానికి ఆ బాధ పట్టలేదు. 2020 అక్టోబరు 2న 9.80 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన ఆ బండి కోసం జనం నెలల తరబడి ఆగారు. ఆగలేనివాళ్లు పాతదానికే కొత్తదాని రేటు పెట్టారు. అయితే 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు. పాతది కొనేటప్పుడు పేరు చూసి మురిసిపోకుండా, గేరు రాడ్ పక్కన ఫోర్ బై ఫోర్‌కు వేసే రెండో లివర్ ఉందో లేదో చూడాలి.

వెనక చక్రాల థార్‌తో పోలిస్తే ఆ లివర్ ఇప్పుడు ఇంకా ఖరీదైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక, 1.5 లీటర్ డీజిల్‌తో వెనక చక్రాల మీద నడిచే థార్‌కు 18 శాతం పన్ను. ఫోర్ బై ఫోర్ థార్‌కు 40. నాలుగు మీటర్ల లోపే ఉన్నా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటింది కాబట్టి జిమ్నీకీ అంతే.

ఇక వాడకం. మూడు తలుపుల థార్‌లో ముందు సీటు వంచి వెనక్కి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మను ఎక్కించి చూడండి, తెలుస్తుంది. ఆ ఇబ్బంది తీరాలంటే అయిదు తలుపుల థార్ రాక్స్. 2024లో వచ్చినప్పుడు అందులో ఫోర్ బై ఫోర్ 18.79 లక్షల నుంచి, అదీ డీజిల్‌లోనే. జిమ్నీకి తలుపులు అయిదున్నా సీట్లు నాలుగే, డిక్కీ 208 లీటర్లే. నలుగురితో ఘాట్ ఎక్కితే గేరు దించక తప్పదు. కానీ వానకు తడిసిన నల్లరేగడి డొంకలో తేలికపాటి బండిదే పైచేయి. జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలే. మనవాళ్లు ముఖం తిప్పుకున్న ఈ గురుగ్రామ్ తయారీ బండికి 2025 జనవరి చివర జపాన్‌లో విడుదలైన నాలుగు రోజుల్లోనే 50 వేల బుకింగులు వచ్చి, ఆర్డర్లు ఆపేయాల్సి వచ్చింది!

ఇక ఫోర్స్ గూర్ఖా అసలైన అడవి బండి. ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు, 700 మిల్లీమీటర్ల నీళ్లలో దిగే సత్తా. సర్వీస్ సెంటర్లు మాత్రం తక్కువ, అమ్మబోతే కొనేవాళ్లూ తక్కువే. జీవితాంతం ఉంచుకునేవాళ్లకే అది.

నన్నడిగితే, అయిదేళ్లలో మార్చే ఆలోచన ఉంటే థార్. పొలానికో కొండకో నిజంగా తిరిగేవాళ్లయితే, మొదటి యజమాని ఇప్పటికే నష్టపోయి అమ్ముతున్న జిమ్నీ. ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు మెకానిక్‌తో డిఫరెన్షియల్ ఆయిల్ కాస్త తీయించండి. అది పాలు పోసిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. బీచ్‌లో తిప్పిన బండయితే ఛాసిస్ కింద తుప్పు కూడా కనిపిస్తుంది. అప్పుడు బేరం మళ్లీ మొదటినుంచి.