గ్లో ఇంజిన్ విమానం ఒంటినిండా జిడ్డేనా? నూనె తగ్గించకుండానే ఇలా వదిలించుకోండి

ముందు ఒక చిన్న లెక్క. .46 సైజు ఇంజిన్‌కి 300 మి.లీ. ట్యాంకు పెట్టామనుకోండి. ఇంధనంలో 20 శాతం నూనె ఉంటే, ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 60 మి.లీ. నూనె ఇంజిన్‌లోంచి బయటికొస్తుంది. అంటే చిన్న టీ గ్లాసు నిండా! అందులో చాలా భాగం మన మోడల్ మీదే పడుతుంది. నేను ఎగరేసేది మర్రిగూడ వైపు చెల్కల్లో. ఇక్కడ ఆ జిడ్డుకి ఎర్రదుమ్ము కూడా తోడవుతుంది. రెండు ఫ్లైట్లకే రెక్క అడుగు గరుకు కాగితంలా తయారవుతుంది.

ఇది అందం సమస్య ఒక్కటే కాదు. నూనె పీల్చిన బాల్సా చెక్క మెత్తబడుతుంది, జిగురు పట్టు వదులుతుంది. ఇంజిన్ బిగించే ఫైర్‌వాల్ దగ్గర అలా జరిగితే గాల్లోనే ఇంజిన్ ఊడిపోయే ప్రమాదం ఉంది.

అసలు ఇంత నూనె ఎందుకు?

మన బైక్ ఇంజిన్‌లో ఆయిల్ విడిగా అడుగున ఉంటుంది. టూ-స్ట్రోక్ గ్లో ఇంజిన్‌లో ఆ ఏర్పాటు లేదు. మెథనాల్, కొంచెం నైట్రోమీథేన్‌తో పాటు నూనె కూడా ఇంధనంలోనే కలిసి ఉంటుంది. మెథనాల్ మండిపోతుంది. నూనె బేరింగులను, పిస్టన్‌ను తడిపి, వేడిని కొంత మోసుకుని సైలెన్సర్‌లోంచి బయటపడుతుంది. కాబట్టి "నూనె తగ్గిద్దాం" అనే ఐడియా వద్దు. ఇంజిన్ కంపెనీ చెప్పిన శాతం కన్నా తగ్గిస్తే విమానం శుభ్రంగానే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అరిగిపోతుంది.

ఆముదమా, సింథటిక్కా?

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఆముదం పంట కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజిన్ విమానాలు నడిచింది కూడా ఆముదంతోనే. ఎక్కువ వేడిలోనూ పట్టు వదలని నూనె ఇది. కానీ కాలితే గోధుమ రంగు వార్నిష్‌లా అతుక్కుంటుంది. సింథటిక్ సులువుగా తుడుచుకుపోతుంది. ఎక్కువ సింథటిక్, కొద్దిగా ఆముదం కలిపిన ఇంధనం నా ఛాయిస్. ఇంట్లో వండిన ఆముదం మాత్రం పోయకండి, అందులో తడి, మడ్డి ఉంటాయి.

పని చేసే చిట్కాలు

1. సిలికాన్ డిఫ్లెక్టర్: సైలెన్సర్ మూతికి తగిలించే గొట్టం ఇది. పొగను బాడీకి, రెక్కకి దూరంగా తిప్పుతుంది. తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. దాని రంధ్రం సైలెన్సర్ మూతి కన్నా చిన్నది కాకూడదు. చిన్నదైతే వెనక ఒత్తిడి పెరిగి ఇంజిన్ వేడెక్కుతుంది.

2. నీడిల్ సెట్టింగ్: మరీ రిచ్‌గా ఉంటే మండని ఇంధనం కూడా చిమ్ముతుంది. ఫుల్ థ్రాటిల్‌లో గరిష్ఠ వేగం పట్టుకుని, అక్కడి నుంచి కొంచెం రిచ్ వైపు వెనక్కి రండి. జిడ్డు తగ్గించాలని లీన్ చేస్తే ఇంజిన్‌కే ముప్పు.

3. చెక్కకు కవచం: ఫైర్‌వాల్‌కి, ట్యాంకు గదికి లోపల పల్చటి ఎపాక్సీ పూయండి. కవరింగ్ అతుకులు ఇంటి పెంకుల్లా ఉండాలి: ముందు ముక్క అంచు వెనక ముక్క మీదికి రావాలి. అప్పుడు గాలి తోసే నూనె అతుకు కిందికి దూరదు.

4. వెంటనే తుడవడం: నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు చాలు. మొండి జిడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. స్ప్రే బట్ట మీద కొట్టండి, మోడల్ మీద కాదు. లేదంటే హింజ్‌లు, సర్వోల్లోకి దిగుతుంది. చెక్క ఇప్పటికే నూనె పీల్చి ఉంటే మొక్కజొన్న పిండి చల్లి, పీల్చుకున్నాక దులపండి.

ఒక హెచ్చరిక: మెథనాల్ విషం. మండినా ఎండలో దాని మంట కనపడదు. పిల్లలకు దూరంగా పెట్టండి.

నా తీర్పు

జిడ్డు అస్సలు వద్దంటే ఎలక్ట్రిక్‌కి మారండి. 30:1 పెట్రోల్ ఇంజిన్ అయితే అదే 300 మి.లీ.కి నూనె దాదాపు 10 మి.లీ. మాత్రమే. గ్లో సౌండ్, ఆ వాసన ఇష్టమైతే మాత్రం డిఫ్లెక్టర్‌తో మొదలుపెట్టండి, ఫ్లైట్ అయ్యాక ఐదు నిమిషాలు బట్టకి కేటాయించండి. నూనె శాతం జోలికి మాత్రం వెళ్లకండి.