ఆకాశపు రాళ్లకూ ఇంటిపేర్లున్నాయి

చుక్క రాలిందని మనం అనుకునేది నిజానికి చుక్క కాదు. అంతరిక్షం నుంచి వచ్చి, గాలిని ఢీకొన్న వేడికి మండిపోయే చిన్న రాయి అది. పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరితే దాన్ని ఉల్కాశిల అంటాం. ఈ శిలల్లో ఎక్కువ భాగం 'కాండ్రైట్లు'. వాటిని కోసి చూస్తే గసగసాలంత, ఆవగింజంత గుండ్రని పూసలు కనిపిస్తాయి. ఒకప్పుడు కరిగి చల్లారిన రాతి బొట్లే ఆ పూసలు. కొన్నింటిలో తెల్లని మచ్చలు కూడా ఉంటాయి. వాటి వయస్సు సుమారు 456.7 కోట్ల సంవత్సరాలు. సౌరకుటుంబంలో ఇంతవరకు వయస్సు కట్టిన ఘన పదార్థాల్లో ఇవే పాతవి. భూమి ఒకసారి కరిగిపోవడం వల్ల దాని తొలినాటి పదార్థం మనకు మిగలలేదు. ఆ తొలి పుటలు ఈ రాళ్లలోనే ఉన్నాయి.

వీటిలో 'కర్బన కాండ్రైట్లు' అనే జాతిని చూద్దాం. మన ఇళ్లలో ఊరి పేరే ఇంటిపేరైనట్లు, ఈ వర్గాలకు కూడా రాయి పడిన ఊరి పేరే పెట్టారు. టాంజానియాలోని ఇవునా (1938), ఉక్రెయిన్‌లోని మిగేయి (1889), ఫ్రాన్సులోని ఓర్నాన్స్ (1868), ఇటలీలోని రెనాట్సో (1824), విగరానో (1910), ఆస్ట్రేలియాలోని కరూండా (1930) అలాంటివే.

ఏ రాయి ఏ వర్గానిదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు మూడు విషయాలు చూస్తారు. రాయిలో ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయన్నది మొదటిది. పూసల పరిమాణం, మచ్చలు, లోహం ఎంతన్నది రెండోది. ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్లు మూడోది. ఈ పాళ్లు వేలిముద్రల వంటివని 1973లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ క్లేటన్ బృందం చేసిన పరిశోధన దారి చూపింది.

దీనికి తోడు 1967లో వాన్ ష్మస్, వుడ్ అనే శాస్త్రజ్ఞులు 1 నుంచి 6 వరకు అంకెలు సూచించారు. 3 అంటే పెద్దగా మార్పు లేని రాయి. అంతకు తక్కువైతే నీటి వల్ల, ఎక్కువైతే వేడి వల్ల మారిందని అర్థం. బడిలో మేము పిల్లలకు ఇలా చెబుతాం: ఇంటిపేరు పుట్టుకను చెబుతుంది, అంకె ఆ తర్వాత పడిన పాట్లను చెబుతుంది. రెండింటినీ కలపకూడదు.

దగ్గరి పోలికలున్న వర్గాలను కలిపి 'వంశం' అంటారు. మిగేయి, ఓర్నాన్స్ వర్గాలు ఒక వంశం. రెండింటి పూసలూ చిన్నవే. మిగేయి రాళ్లు నీటిలో నాని మారాయి, ఓర్నాన్స్ రాళ్లకు ఆ తడి అంతగా తగల్లేదు. విగరానో, కరూండా మరో వంశం. కరూండా రాళ్లు బాగా వేడెక్కినవి. ఈ రెండు వర్గాలూ ఒకే గ్రహశకలం లోపలి, బయటి పొరలని కొందరంటారు. ఖనిజాల్లోని తేడాలు చూపి, కాదు, వేర్వేరని మరికొందరంటారు. పోలిక ఉన్నంత మాత్రాన ఒకే తల్లి బిడ్డలని చెప్పలేం కదా!

ఇవి ఎక్కడ పుట్టాయి? క్రోమియం, టైటానియం ఐసోటోపుల ఆధారంగా కర్బన జాతి ఒక పక్కకు, మిగతా ఉల్కాశిలలు మరో పక్కకు విడిపోతాయని 2011లో పాల్ వారెన్ చూపారు. కర్బన జాతి గురుగ్రహానికి అవతలి చలి ప్రాంతంలో పుట్టిందని నేడు చాలామంది భావిస్తున్నారు. 2020లో జపాన్ నౌక ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన సుమారు 5.4 గ్రాముల మట్టి ఇవునా వర్గంతో సరిపోలింది.

ఇదంతా మనకెందుకు? మన సముద్రాల నీరు ఎక్కడిదన్న ప్రశ్న దీనితో ముడిపడి ఉంది. ఇవునా, మిగేయి రాళ్ల బంకమట్టి ఖనిజాల్లో నీరు బంధించబడి ఉంది. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ రాయిలో పదుల కొద్దీ అమైనో ఆమ్లాలు దొరికాయి. అయితే భూమి తొలి పదార్థంలోనే తగినంత హైడ్రోజన్ ఉందన్న వాదన కూడా బలంగానే ఉంది. తీర్పు ఇంకా రాలేదు.

సాక్ష్యం మన దేశంలోనూ పడవచ్చు. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుందపురా పొలంలో పడిన రాయి మిగేయి వర్గానిదే. వానకు తడిస్తే ఇలాంటి రాయి త్వరగా పాడవుతుంది. కాబట్టి అటువంటిది కంటపడితే కడగవద్దు, అయస్కాంతం తాకించవద్దు. పొడి శుభ్రమైన సంచిలో ఉంచి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారికి కబురు చేయండి. పడిన చోటు, వేళ రాసి పెట్టండి. ఊరి పేరు తెలిస్తేనే గదా ఆ రాయికి పేరు!