ఇసుక నేర్పిన మెత్తని చక్రం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు లాంటి ఊళ్లలో సముద్రంలో బోటు నడపడం ఒక విద్య అయితే, ఆ బోటును నీటి దాకా చేర్చడం మరో విద్య. నైరుతి రుతుపవనాల అలలు తూర్పు తీరం పొడవునా ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తూనే ఉంటాయి. ఆ ఇసుకను తవ్వి తీసే పని ఆపితే విశాఖ రేవుకైనా ముప్పే. భావనపాడులో కట్టిన చేపల రేవు మొగ ఇసుకతో పూడిపోయింది. జెట్టీ అక్కరకు రాని చోట ఒడ్డే రేవు. వేటకు వెళ్లిన ప్రతిసారీ బోటును ఇసుక మీదుగా దించాలి, తిరిగొచ్చాక మళ్లీ పైకి లాగాలి.

ఈ తీరానికి చాలాకాలం చక్రంతో పని పడలేదు. తెప్ప అంటే తేలికైన దుంగల కట్టు. వేట ముగిశాక కట్లు విప్పి, దుంగలను విడివిడిగా భుజాల మీద మోసి, ఎండలో ఆరబెట్టేవారు. మోయలేనంత బరువును మోయగలిగిన ముక్కలుగా విడగొట్టడమే ఇందులోని కిటుకు. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు వాడే పడవది మరో దారి. దాని పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఒడ్డుకు కొట్టినా కుట్లు కాస్త సాగి సర్దుకునేవి, పలక పగిలేది కాదు. బిగుసుకున్నది విరిగే చోట ఒదిగినది నిలుస్తుందని ఆ పడవ కట్టినవాళ్లకు తెలుసు. చక్రం ఆ పాఠం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఇంజను రాకతో పాత లెక్క తప్పింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం, 1980ల్లో అలల్లోంచి నేరుగా ఒడ్డెక్కే బోట్లను రూపొందించి పరీక్షించింది. నేల తగిలితే ఫ్యాన్ విరగకుండా పైకి లేచేలా ఇంజనును ఇరుసు మీద అమర్చారు. ఆ తర్వాత ఫైబర్ బోట్లు తీరమంతా పరుచుకున్నాయి. అవి పుచ్చవు, నీరు పీల్చవు. కానీ దుంగల్లా విప్పి మోయడానికి వీల్లేదు. ఇంజను, వలలు, ఐసు, చేపలు కలిస్తే పెద్ద బోటు బరువు టన్ను దాటుతుంది.

చక్రాలు కట్టి లాగేస్తే సరిపోదా? ఇనుప పట్టా వేసిన బండిచక్రాన్నే తీసుకుందాం. ఒక్కో చక్రం మీద 500 కిలోల బరువు పడి, అది ఇసుకను తాకే చోటు 50 చదరపు సెంటీమీటర్లే అయితే, ప్రతి చదరపు సెంటీమీటరు 10 కిలోలు మోయాలి. పొడి ఇసుక రేణువులు అంత ఒత్తిడికి పక్కలకు జారిపోతాయి, చక్రం దిగబడుతుంది. దిగబడ్డ చక్రం ముందు ఇసుక గట్టులా లేస్తుంది. ఇక ఎంత లాగినా ఆ గట్టును ఎక్కడమే పని, ఎక్కిన కొద్దీ కొత్త గట్టు తయారు.

మనిషి ఎందుకు దిగబడడు? 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డా పాదం కింద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో లోపే. చక్రం కూడా అంత తేలిగ్గా అడుగేయాలంటే వెడల్పు కావాలి, ఆ వెడల్పు మెత్తదనంతో వస్తుంది. గాలి టైరుకు 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంట్ పొందారు, 1888లో జాన్ డన్‌లప్ దాన్ని వాడుకలోకి తెచ్చారు. పలచని గోడలున్న టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడికి సమానం. అందుకే గట్టి రోడ్డుకు గాలి నింపాలి, ఇసుకకు గాలి తీయాలి.

ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లిన మనిషి విలియం ఆల్బీ. 1930ల్లో ఆయన అలాస్కాలో బేరింగ్ జలసంధి ఒడ్డున ఉపాధ్యాయుడు. అక్కడి వేటగాళ్లు గాలి ఊదిన సీల్ తోలు సంచులను దొర్లించి, వాటి మీదుగా బరువైన పడవను ఒడ్డెక్కించడం ఆయన కంటబడింది. 1950ల మొదట్లో ఆయన దాన్ని ‘రోలిగాన్’ అనే వెడల్పాటి రబ్బరు సంచి చక్రంగా మలిచారు.

నేడు చేపలు పట్టే కయాక్ అనే చిన్న తెడ్డు పడవ కింద కట్టే బెలూన్ చక్రం ఆ వంశానిదే. సరంజామాతో కయాక్ 60 కిలోలు ఉందనుకుందాం. రెండు చక్రాల్లో గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 30 పౌండ్లు) ఉంటే ఒక్కోటి ఇసుకను తాకేది 14 చదరపు సెంటీమీటర్ల మేరే. 3 పీఎస్‌ఐకి తగ్గిస్తే 140 దాటుతుంది, అంటే అరచేయంత. ఇరుసు బరువుకు సరిగ్గా నడుమ పడితే చేతి మీద భారం ఉండదు. ఉప్పునీటికి ఉక్కు బాల్ బేరింగులు తుప్పు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ బుష్, స్టెయిన్‌లెస్ ఇరుసు వాడతారు. నీట్లో దిగగానే ఇంకో చిక్కు: 20 లీటర్ల గాలి ఉన్న చక్రం 20 కిలోల దాకా పైకి తోస్తుంది. కయాక్‌కు కట్టిన పట్టీ వదులైతే చక్రాల బండి పక్కకు తిరగబడుతుంది.

మరి టన్ను బోటు? అన్ని కొలతలూ రెట్టింపు చేస్తే బరువు 8 రెట్లు పెరుగుతుంది, చక్రం నేలను తాకే చోటు 4 రెట్లే పెరుగుతుంది. అంటే ఒత్తిడి రెట్టింపు. టన్ను బోటు 3 పీఎస్‌ఐ మీద నిలవాలంటే దాని చక్రాలన్నీ కలిసి దాదాపు అర చదరపు మీటరు ఇసుకను తాకాలి. రెండు చక్రాలతో తెమిలే పని కాదు, వరుసగా పేర్చాలి. లేదంటే సీల్ సంచి దగ్గరికే తిరిగి వెళ్లాలి. చైనా వాళ్లు చేసింది అదే. 1981 నుంచి అక్కడ ఓడలను గాలి నింపిన రబ్బరు గొట్టాల మీద దొర్లించి నీటిలోకి దించుతున్నారు.

మన తీరంలో ఇప్పుడు దొరికే సాయం ట్రాక్టరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫాను వస్తోందంటే బోట్లన్నీ మామూలు కంటే చాలా పైకి చేరాలి, అప్పుడు ట్రాక్టరుకు మించింది లేదు. అయితే అది కష్టాన్ని మనిషి నుంచి డీజిలుకు మారుస్తుందే తప్ప తగ్గించదు. బోటు అడుగు ఇసుకలో ఒరుసుకుంటూనే వస్తుంది, ఫైబర్ అరుగుతూనే ఉంటుంది. అదే ట్రాక్టరు తక్కువ గాలి చక్రాల ట్రాలీని లాగితే ఇంధనమూ మిగులుతుంది, బోటూ మన్నుతుంది. ఒడ్డు మీద బోటుకు ఏ సాధనం కొన్నా ముందు అడగాల్సింది దాని హార్స్‌పవర్ గురించి కాదు, చదరపు సెంటీమీటరు ఇసుక మీద అది ఎన్ని కిలోలు మోపుతుందన్నదే.