వృద్ధుల మనఃపరీక్ష

"ముసలితనము వచ్చినది, మతి పోయినది" అని ఇంటిలోనివారు సరిపెట్టుకొందురు. పేర్లు వెంటనే స్ఫురింపకపోవుట వయోధర్మము కావచ్చును గాని, నలువది యేండ్లుగా తిరిగిన వీథిలోనే దారి తప్పుట రోగలక్షణము. ఆ రోగము ఏదియో తేల్చుటకే మనోవైద్యుని పరీక్ష.

వైద్యుడు మొదట చూడవలసినవి కన్నులు, చెవులు. చెవిలో గులిమి పేరుకొన్న ముదుసలి ప్రశ్న వినబడక ఏదో సమాధానము చెప్పును. చూచువారు దానిని మతిభ్రంశ మందురు! వాడుచున్న మందులన్నియు తెప్పించి చూచుటయు ముఖ్యమే. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు ముదిమిలో బుద్ధిని మసకబరచును.

తరువాతి ప్రశ్న: ఈ మార్పు ఎప్పటినుండి? దీనికి తరచుగా రోగికంటె ఇంటివారే సరిగా బదులు చెప్పగలరు. రెండు మూడు దినములలో వచ్చి, ఒకప్పుడు తేరుకొనుచు, రాత్రివేళ హెచ్చుచున్నచో అది డెలీరియం కావచ్చును. మూత్రకోశమునకు సూక్ష్మజీవులు సోకుట, రక్తములో సోడియము తగ్గుట వంటివి దీనికి కారణములు. మూలమునకు వెంటనే చికిత్స జరుగనిచో ప్రాణాపాయము. సంవత్సరముల తరబడి మెల్లగా ముదిరినచో డిమెన్షియాను అనుమానింతురు. అప్పుడును థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము లేవని రక్తపరీక్షచే తెలిసికొనవలెను. ఇవి మందులకు లొంగునవి.

జ్ఞాపకశక్తిని కొలుచుటకు 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల పరీక్ష నొకదానిని ప్రకటించిరి. అందు 100 నుండి 7 చొప్పున తీసివేయుట, వాక్యము వ్రాయుట మొదలగున వుండును. బడి మొగము చూడని అవ్వకు ఇందు మార్కులు తగ్గిన, అది రోగము కాదు, అక్షరాస్యత లేకపోవుటయే. ఈ చిక్కును గుర్తించి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో పనిచేసిన పరిశోధకులు హిందీలో మరియొక పరీక్షను కూర్చి 1995లో ప్రకటించిరి. చదివి కన్నులు మూయుమనుటకు బదులు, పరీక్షకుడు తాను కన్నులు మూసి చూపి అట్లే చేయుమనును. వాక్యము వ్రాయుమనుటకు బదులు తన యింటిని గూర్చి ఏదైన చెప్పుమనును. ఎంత తేలికైన ఉపాయము!

డిప్రెషన్ పట్టిన వృద్ధుడు ప్రయత్నింపకయే "నాకు తెలియదు" అని ఊరకుండును. అదియు మతిమరపువలెనే కనబడును. చచ్చిపోవలెనని అనిపించుచున్నదా అని సూటిగా అడుగుటకు జంకరాదు. అడిగినంతమాత్రమున ఆ తలంపు కొత్తగా పుట్టదు. కాని ఈ సంభాషణ ఏకాంతముగా జరుగవలెను. ఇంటివారు గదిలో నున్నంతసేపు "బాగున్నాను" అనెడి మనిషి, వారు వెలుపలికి పోయిన పిదప, రాత్రులు అన్నము పెట్టువారు లేరని చెప్పవచ్చును.