డిఫెండర్ తల

2014 జులై 4. రియో డి జనీరోలోని మారకానా స్టేడియంలో ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్. పదమూడో నిమిషం నడుస్తోంది. జర్మనీ ఆటగాడు టోనీ క్రూస్ ఫ్రీ కిక్ కొట్టాడు. గోల్ ముందుకు తేలివచ్చిన బంతి కోసం ఇద్దరు పైకి లేచారు. ఒకరు జర్మనీ డిఫెండర్ మాట్స్ హుమెల్స్. రెండోవాడు అతన్ని కాచుకోవాల్సిన ఫ్రాన్స్ కుర్రాడు రఫాయెల్ వరాన్, వయసు ఇరవై ఒకటి. బంతి ముందుగా హుమెల్స్ తలకి అందింది, గోల్‌లో పడింది. ఆ ఒక్క గోల్‌తోనే ఫ్రాన్స్ ఇంటిదారి పట్టింది.

కుర్రాడు, అనుభవం చాలలేదు అని సరిపెట్టుకోవడం చూసేవాళ్లకి తేలిక. దాదాపు పదేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్‌లో వరాన్ ఫ్రెంచి క్రీడా పత్రిక ‘లెకిప్’తో అసలు సంగతి చెప్పాడు. అంతకు నాలుగు రోజుల ముందు నైజీరియాతో ఆడుతున్నప్పుడు బంతి వచ్చి కణతకు బలంగా తగిలిందట. కింద పడ్డాడు, లేచాడు, ఆట చివరిదాకా ఉన్నాడు, కానీ సోయిలో లేడు. జర్మనీ మ్యాచ్ నాటికీ తేరుకోలేదు. 2020లోనూ ఇదే జరిగింది. రియల్ మాడ్రిడ్ తరఫున ఆడుతూ ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కొన్ని వారాలకు మాంచెస్టర్ సిటీ చేతిలో మాడ్రిడ్ 2-1తో ఓడింది, రెండు గోల్సూ అతని తప్పిదాల వల్లే పడ్డాయి. తన జీవితంలో అత్యంత చెత్తగా ఆడిన మ్యాచ్‌లలో ఈ రెండూ ఉన్నాయని, రెండింటికీ ముందు కంకషన్ అయిందని అతనే చెప్పుకొచ్చాడు.

కంకషన్ అంటే దెబ్బ అదురుకి మెదడు పనితీరు కొంతకాలం గతి తప్పడం. పుర్రె పగలనక్కర్లేదు, రక్తం రానక్కర్లేదు, స్పృహ కూడా పోనక్కర్లేదు. మామూలు స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు. చూపు మందగించడం, తేలిగ్గా అలసిపోవడం, నిర్ణయం తీసుకోవడంలో రెప్పపాటు ఆలస్యం, ఇవీ లక్షణాలు. ఇంకో ఉద్యోగంలో అయితే ఆ రెప్పపాటు ఎవరికీ పట్టదు. డిఫెండర్‌కు మాత్రం బతుకుతెరువే ఆ రెప్పపాటు మీద ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి 10 మీటర్ల దూరాన్ని సుమారు 0.36 సెకన్లలో దాటేస్తుంది. కంటికి కనబడ్డదానికి ఒంట్లో కదలిక మొదలవడానికే ఎంత చురుకైన మనిషికైనా సెకనులో అయిదో వంతు పడుతుంది. మిగిలిన సమయంలో డెబ్బై ఎనభై కిలోల శరీరాన్ని పక్కకు తిప్పడం కుదిరే పని కాదు. కాబట్టి మంచి డిఫెండర్ బంతిని చూసి కదలడు, బంతి కదలకముందే కదులుతాడు. క్రీడా మనస్తత్వ శాస్త్రంలో దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. దాడికి వస్తున్న ఆటగాడి వీడియో చూపిస్తూ, అతను బంతిని తన్నబోయే క్షణంలో తెర ఆపేస్తారు. బంతి ఎటు వెళ్తుందో చెప్పమంటారు. కొత్తవాళ్లు గుడ్డిగా చెప్తారు. ఆటలో పండినవాళ్లు మాత్రం అవతలివాడి నడుము ఎటు తిరిగింది, ఆనించిన కాలు ఎక్కడ పడింది అన్నవి చూసి చెప్పేస్తారు. ఎదుటివాడి పాదాల విన్యాసం బోల్తా కొట్టించడానికే, నడుము అబద్ధమాడటం కష్టం.

వరాన్ పేరు తెచ్చుకున్నది సరిగ్గా ఇందులోనే. ఫ్రాన్స్ ఉత్తర కొసన లీల్‌లో 1993లో పుట్టాడు. చిన్నప్పుడే లాన్స్ క్లబ్ అకాడమీలో చేరి, పదిహేడేళ్లకు పెద్ద జట్టులో ఆడాడు. 2011లో రియల్ మాడ్రిడ్‌కు రమ్మని జినెదిన్ జిదాన్ ఫోన్ చేస్తే, స్కూలు చివరి పరీక్షలకు చదువుకుంటున్నాను, తర్వాత మాట్లాడతాను అన్నాడని ప్రసిద్ధి. (మన ఇళ్లలో ఈ ఒక్క మాటకే ఆ అబ్బాయిని ఆకాశానికెత్తేస్తారు.) పందొమ్మిదేళ్ల వయసులో బార్సిలోనా మీద మెస్సీ లాంటి వాళ్లను నిలువరించి, పైగా తలతో గోల్ కొట్టి మ్యాచ్‌ను సమం చేశాడు. ఆ తర్వాత నాలుగు ఛాంపియన్స్ లీగ్‌లు, 2018 ప్రపంచ కప్. ఆ కప్పు క్వార్టర్ ఫైనల్లో ఉరుగ్వే మీద మొదటి గోల్ అతనిదే, అదీ తలతోనే.

తలతోనే. చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఆటను చదివేదీ ఆ తలే, బంతికి ఎదురొడ్డేదీ ఆ తలే.

హెడర్‌ను దగ్గరగా చూడండి. అవతలి గోల్‌కీపర్ పొడుగ్గా తన్నిన బంతి ఆకాశంలోంచి దిగుతోంది. బరువు 410 నుంచి 450 గ్రాములు. డిఫెండర్ రెండడుగులు పరుగెత్తి ఒంటికాలి మీద లేస్తాడు. గాలిలో నడుమును వెనక్కి విల్లులా వంచి, గడ్డం లోపలికి నొక్కి, మెడ కండరాలు బిగించి, ఒళ్లంతా ముందుకు విసురుతాడు. నుదుటి ఎముకకు బంతి ఆని ఉండేది సెకనులో వందో వంతు, అటూ ఇటూగా. ఆ కాస్తలోనే బంతి అప్పచ్చిలా నొక్కుకుపోయి, మళ్లీ ఉబ్బి వెనక్కి వెళ్తుంది. ఫార్వర్డ్ ఆటగాడు చాలాసార్లు బంతి దిశను కాస్త మారిస్తే చాలు, దాని వేగం దానికే ఉంటుంది. డిఫెండర్ అలా కాదు, వచ్చిన దారినే దాన్ని వీలైనంత దూరం తిప్పి పంపాలి. సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చినదాన్ని 10 మీటర్ల వేగంతో వెనక్కి కొట్టాడనుకుంటే వేగంలో మార్పు మొత్తం సెకనుకు 30 మీటర్లు. ఆ తోపుడంతా మెడ మీదుగా శరీరంలోకి దిగాల్సిందే. మెడ గట్టిగా బిగిసి ఉంటే తలతో పాటు మొండెం కూడా బరువు పంచుకుంటుంది. బంతి చెప్పకుండా వచ్చి కణతకు తగిలినప్పుడు ఆ వీలుండదు, తల ఒంటరిగా గిరుక్కున తిరుగుతుంది.

మెదడుకు ఎక్కువ చేటు చేసేది ఈ తిరుగుడే. సుమారు 1.4 కిలోల మెత్తని మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. గడ్డపెరుగు తోడుకున్న కుండను చటుక్కున తిప్పితే కుండ తిరుగుతుంది, పెరుగు ఒక్క క్షణం వెనకబడి అక్కడక్కడా బీటలిస్తుంది. మెదడులోనూ పై పొరలు, లోపలి పొరలు ఒకే వేగంతో తిరగవు. వాటి మధ్య సాగిన సన్నని నాడీ తంతువులు లాగుడుకు గురవుతాయి. ఆ తంతువుల లోపల సరుకులు మోసే సన్నని గొట్టాలుంటాయి. వాటిని నిలబెట్టి ఉంచేది టావ్ అనే ప్రొటీన్. దెబ్బల మీద దెబ్బలు పడ్డ కొందరి మెదళ్లలో ఈ టావ్ ఊడిపోయి ముద్దలుగా పేరుకోవడం, వాళ్లు చనిపోయాక చేసిన పరీక్షల్లో బయటపడింది. కంకషన్ స్థాయికి చేరని చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి పోగుపడితే ఏమవుతుందన్నదే ఇప్పుడు నడుస్తున్న పరిశోధన.

స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో 2016లో ఒక ప్రయోగం చేశారు. 19 మంది ఆటగాళ్లను నిలబెట్టి, కార్నర్ కిక్ వేగంతో బంతులు విసిరే యంత్రంతో ఒక్కొక్కరి చేత 20 హెడర్లు కొట్టించారు. మామూలు శిక్షణలో జరిగేదే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా వెంటనే పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో వాళ్ల ప్రతిభ 41 నుంచి 67 శాతం దాకా పడిపోయింది. ఇరవై నాలుగు గంటల్లో మామూలు స్థితికి వచ్చారు. వచ్చారు కదా అని ఊరట పడొచ్చు. కానీ వృత్తి ఆటగాడు మర్నాడు మళ్లీ అదే మైదానంలో ఉంటాడు, ఆ పైవారమూ ఉంటాడు.

అసలు కలకలం గ్లాస్గో నుంచి వచ్చింది. నాడీ రోగ నిపుణుడు విల్లీ స్టువర్ట్ బృందం 7,676 మంది స్కాటిష్ మాజీ వృత్తి ఆటగాళ్ల రికార్డులను, అదే వయసు, అలాంటి నేపథ్యమే ఉన్న 23,028 మంది మామూలు మనుషుల రికార్డులతో పోల్చింది. మెదడు క్షీణించే వ్యాధులతో చనిపోవడం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువగా ఉందని 2019లో తేల్చింది. 2021లో అవే లెక్కలను ఆటగాళ్ల స్థానాల వారీగా విడదీసి చూశారు. బంతిని చేత్తో పట్టుకునే గోల్‌కీపర్లకు ముప్పు మామూలు జనంతో పోలిస్తే చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనిపించలేదు. డిఫెండర్లకు సుమారు అయిదు రెట్లు. పదిహేనేళ్లకు పైబడి ఆడినవాళ్లకూ దాదాపు అంతే. పాతకాలపు తోలుబంతి వానలో తడిసి బరువెక్కేది, ఇప్పటి బంతులతో ఆ భయం లేదు అనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. 1910ల్లో పుట్టినవాళ్ల నుంచి 1960ల్లో పుట్టినవాళ్ల దాకా ముప్పు పెద్దగా మారలేదని ఈ లెక్కల్లోనే ఉంది. ఇప్పటి బంతి తడవదు నిజమే, కానీ వేగంగా వస్తుంది.

ఇవి చదివి పిల్లల చేతిలోంచి బంతి లాక్కోవడం తొందరపాటు. అదే గ్లాస్గో అధ్యయనం ప్రకారం ఆటగాళ్లు గుండెజబ్బులతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం తక్కువ. డెబ్బై ఏళ్ల లోపు వాళ్ల మరణాల రేటు మామూలువాళ్ల కంటే మెరుగ్గానే ఉంది. స్వీడన్‌లో 6,007 మంది మీద చేసి 2023లో వెలువరించిన అధ్యయనంలో మెదడు వ్యాధుల ముప్పు ఒకటిన్నర రెట్లే కనిపించింది, అక్కడా గోల్‌కీపర్లకు అదనపు ముప్పు లేదు. ఎన్ని హెడర్లు కొడితే ఎంత నష్టమన్న సూత్రం ఎవరి దగ్గరా లేదు. రికార్డుల పోలిక మాత్రమే కారణాన్ని రుజువు చేయదు కూడా. అయినా రెండు దేశాల్లో, రెండు వేర్వేరు లెక్కల్లో గోల్‌కీపర్ ఒక్కడే బయటపడటం కాకతాళీయం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

డిఫెండర్‌కు ముప్పు తలకొక్కదానికే కాదు, మోకాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇటలీలో వృత్తి ఆటగాళ్లకు మోకాలి లోపలి ముందు లిగమెంట్ తెగిన 134 సంఘటనల వీడియోలను పరిశీలిస్తే, అన్నిటికంటే ఎక్కువగా ఎదుటివాడి మీదికి దూసుకెళ్లి బంతి లాక్కోబోయే క్షణంలోనే జరిగాయి. అంటే రక్షణ పని చేస్తుండగానే. దాడి చేసేవాడు ఎటు తిరగాలో తానే తేల్చుకుంటాడు, ఆపేవాడు పరుగు మధ్యలో ఒంటికాలి మీద దిశ మార్చుకోవాలి. వరాన్ ఆటకు చివరికి ముగింపు పలికింది కూడా మోకాలే. 2024లో ఇటలీలోని కోమో క్లబ్‌లో చేరి మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. సెప్టెంబర్‌లో, 31 ఏళ్ల వయసులో, ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు.

తెగిన లిగమెంట్‌తో ఎవరూ ఆడమనరు. తల విషయానికొచ్చేసరికి మాత్రం ఆడటాన్నే మెచ్చుకునేవాళ్లం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలవడం హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకునే కథ, ఎందుకంటే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వాళ్లవాడు. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ నుదురు పగిలింది, కుట్లు పడ్డాయి. అయినా రహీం సాబ్ ఆ తర్వాత అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో 2-1గా ముగిసిన ఫైనల్లోనూ కొట్టాడు. ఎత్తుగడగా అది అద్భుతం. ఆనాటి వైద్య పరిజ్ఞానానికి అందులో తప్పుపట్టేదీ లేదు. ఈనాడు ఏ జట్టు డాక్టరైనా, తల పగిలినవాణ్ని పరీక్షించకుండా మైదానంలోకి పంపితే ఆ డాక్టరు ఉద్యోగానికే ఎసరు.

నిబంధనలు నెమ్మదిగా మారుతున్నాయి. అమెరికా 2015లోనే పదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలకు హెడర్లు వద్దంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ 2020లో పదకొండేళ్ల లోపు వాళ్ల శిక్షణలోంచి వాటిని తీసేశాయి. పిల్లల్లో తల బరువుకు తగ్గ బలం మెడకు ఇంకా రాకపోవడం ఇందుకు ఒక కారణం. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లకూ శిక్షణలో వారానికి పదికి మించి బలమైన హెడర్లు వద్దని 2021లో మార్గదర్శకాలు వచ్చాయి. తలకు దెబ్బ తగిలినవాడి బదులు అదనంగా మరొకణ్ని దించే వీలు అదే ఏడాది ప్రయోగంగా మొదలై, 2024లో ఆట నియమావళిలోకి ఎక్కింది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ, నేను దిగిపోతే నా జట్టుకు మనిషి తగ్గుతాడు అన్న లెక్క ఆటగాడి నెత్తి మీద లేకుండా పోయింది. మారకానాకు నాలుగు రోజుల ముందు, నైజీరియా మ్యాచ్‌లో వరాన్‌కు లేనిది ఈ వెసులుబాటే. తన ఏడేళ్ల కొడుకును మాత్రం బంతిని తలతో కొట్టొద్దంటున్నానని అతను అదే ‘లెకిప్’ సంభాషణలో చెప్పాడు.

2021 సెప్టెంబర్‌లో ఉత్తర ఇంగ్లండ్‌లోని స్పెనీమూర్ అనే చిన్న ఊళ్లో మాజీ ఆటగాళ్లు ఒక వింత మ్యాచ్ ఆడారు. 1960లు, 70ల్లో మిడిల్స్‌బరోకు ఆడి, తర్వాత డిమెన్షియా పాలబడిన డిఫెండర్ బిల్ గేట్స్ గౌరవార్థం జరిగింది అది (కంప్యూటర్ల బిల్ గేట్స్ వేరు, ఈయన వేరు). మొదటి సగంలో పెనాల్టీ బాక్సుల లోపల మాత్రమే హెడర్లకు అనుమతి. రెండో సగంలో ఎక్కడా లేదు. అలా అయితే అది ఫుట్‌బాలే కాదని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకైతే అక్కడ డిఫెండర్ పని తేలికవుతుందని అనిపించదు. గాల్లోంచి వచ్చే బంతిని తలతో దూరం కొట్టే దారి మూసుకుపోతే, అది ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, అవతలివాడి కంటే ఒక అడుగు ముందు అక్కడ నిలబడి, ఛాతీ మీదికో కాలి మీదికో తీసుకోవాలి. వరాన్ లాంటివాళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య. ఎత్తునూ కండనూ నమ్ముకుని జట్టులోకి వచ్చినవాళ్లే ముందు కంగారుపడతారు.